మన ఎండకు ఏ సిలికాన్ మంచిది?

తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నేల వెతుకుతూ కనపడతారు. వాన మట్టిని కడిగేశాక రాళ్లు పైకి తేలతాయి, వాటిలో ఒకటి వజ్రం కావచ్చని ఆశ. ఆ వజ్రంలో కార్బన్ పరమాణువులు ఎలా అమరి ఉంటాయో, గని, శకునాల దగ్గర వేల ఎకరాల్లో పరిచిన సోలార్ ప్యానెళ్లలో సిలికాన్ పరమాణువులు కూడా అచ్చం అలాగే అమరి ఉంటాయి. ప్రతి పరమాణువు చుట్టూ నాలుగు పరమాణువులు, ఏ రెండు బంధాల మధ్య చూసినా 109.5 డిగ్రీల కోణం. ఈ క్రమం ఎక్కడా తప్పకుండా కోట్ల వరసలు సాగితే అది స్ఫటిక సిలికాన్. అదే సిలికాన్ క్రమం కుదరకుండా పొరగా పేరుకుంటే అమార్ఫస్ సిలికాన్. మూలకం ఒకటే. తేడా అంతా అమరికలోనే ఉంది.

కర్నూలులో గానీ, కడపలో గానీ, అనంతపురంలో గానీ మిద్దె మీద సోలార్ పెట్టించుకోవాలని అడగడానికి వెళ్లిన వాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. ఈ వేడికి ప్యానెల్ పనితనం తగ్గుతుందట, అమార్ఫస్ థిన్ ఫిల్మ్ (పలచటి పొర) అయితే వేడిని బాగా తట్టుకుంటుందట, మరి రాయలసీమకు అదే సరైనది కదా? ఈ మాటలో అబద్ధం లేదు. అమార్ఫస్ సిలికాన్ వేడికి నిజంగానే తక్కువ నష్టపోతుంది. అయినా మన మిద్దెల మీదకు అది సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే వాట్ల లెక్క పక్కన పెట్టి చదరపు మీటర్ల లెక్క చూడాలి.

వేడి లెక్క

ప్యానెల్ వెనుక అంటించిన లేబుల్ మీద 540 వాట్లు అని ఉంటే అది ప్రయోగశాలలో కొలిచిన అంకె. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు, సెల్ (ప్యానెల్‌లోని ఒక్కో గడి) ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే శక్తి అది. బయట నీడలోనే 42 డిగ్రీలున్న మధ్యాహ్నం మిద్దె మీది సెల్ వేడి 65 డిగ్రీల దాకా పోతుంది, గాలి ఆడకపోతే అంతకు మించుతుంది. అంటే లేబుల్ రాసిన పరిస్థితికి 40 డిగ్రీలు పైన.

వేడెక్కిన కొద్దీ సెల్ వోల్టేజీ పడిపోతుంది. ఒక్కో సిలికాన్ సెల్‌కు డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. చూడ్డానికి చిన్నదే, కానీ సెల్ మొత్తం ఇచ్చేదే 0.6, 0.7 వోల్టులు. అందుకే పాత పాలీ (చిన్న చిన్న స్ఫటికాలు కలిసిన సిలికాన్) ప్యానెళ్లు డిగ్రీకి 0.4 శాతానికి పైనే శక్తి పోగొట్టుకునేవి. 40 డిగ్రీలకు అది 16 శాతం దాటుతుంది. అమార్ఫస్ సిలికాన్ సెల్ వోల్టేజీ మొదటి నుంచీ ఎక్కువ, 0.85 నుంచి 0.9 వోల్టు దాకా ఉంటుంది. అంత వోల్టేజీలోంచి కొన్ని మిల్లీవోల్టులు పోయినా శాతంగా చూస్తే నష్టం తక్కువ. డిగ్రీకి సుమారు 0.2 శాతం, 40 డిగ్రీలకు 8 శాతం. అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. ఇంతవరకు నిజమే.

ఇప్పుడు మిద్దె మీద 10 చదరపు మీటర్ల జాగా ఉందనుకుందాం. ఈ రోజుల్లో దొరికే మంచి మోనో (ఒకే స్ఫటికం నుంచి కోసిన సిలికాన్) ప్యానెల్ సామర్థ్యం, అంటే పడ్డ వెలుగులో కరెంటుగా మార్చే వంతు, 22 శాతం దగ్గర ఉంటుంది. ఆ జాగాలో 2200 వాట్లు పడతాయి. 65 డిగ్రీల వేడిలో 12 శాతం పోయినా 1900 వాట్లకు పైనే మిగులుతుంది. అదే జాగాలో 7 శాతం సామర్థ్యం ఉన్న అమార్ఫస్ ప్యానెళ్లు వేస్తే మొదటే 700 వాట్లు. వేడికి 8 శాతమే పోయి 644 మిగులుతుంది. శాతంలో అమార్ఫస్ గెలిచింది. కరెంటులో మూడింట ఒక వంతు దగ్గర ఆగిపోయింది. ఎంత ఎండ కాసినా ఈ మూడు రెట్ల తేడాను 4 శాతం లాభం పూడ్చలేదు.

పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది కాబట్టి మన ఊళ్లలో చాలామంది ఆ సైజే పెట్టించుకుంటున్నారు. మోనోతో అయితే ప్యానెళ్లకే 150 చదరపు అడుగులు చాలు. అమార్ఫస్‌తో అయితే 460 దాటుతుంది, అంటే సెంటుకు పైనే. రెండు సెంట్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు నీళ్ల ట్యాంకు, మెట్ల గది, బట్టలారేసే జాగా పోగా మిద్దె మీద అంత చోటెక్కడుంది? చోటున్నా స్టాండ్లకు వాడే ఇనుము, వైర్లు, బిగించే కూలీ, అన్నీ జాగాను బట్టి పెరుగుతాయి.

సోలార్ పార్కుల్లో ఈ భారం ఇంకా పెద్దది. 2017లో పూర్తయిన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1000 మెగావాట్లది, 5,900 ఎకరాలకు పైగా విస్తరించింది. అక్కడ వాడిన ప్యానెళ్లు ఒక్కోటి 315 వాట్లవి, వాటి సామర్థ్యం 16 శాతం చిల్లర. వాటికి బదులు 7 శాతం ప్యానెళ్లు వేసి ఉంటే అద్దాల విస్తీర్ణమే రెండింతలు దాటేది. భూమి సంగతి ఒకటైతే, నాకు అంతకన్నా ఆందోళన కలిగించేది నీళ్లు. ఎర్రమట్టి దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, ప్యానెళ్లు కడగాల్సిందే. దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పాత ఉమ్మడి జిల్లాలో సోలార్ పార్కులున్న ఎన్‌పీ కుంటలోనో, తలారిచెరువులోనో, ఇటు కడప జిల్లా మైలవరంలోనో ఒక్కో యూనిట్ కరెంటుకు రెండింతల అద్దం కడగాలంటే ఆ నీళ్లు ఎవరి బోరులోంచి వస్తాయి? సామర్థ్యాన్ని ఇంజనీర్ల పట్టింపుగా తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన సీమలో సామర్థ్యం నీటి లెక్క కూడా.

అమరిక తప్పితే ఏమవుతుంది

అసలు 22కూ 7కూ అంత తేడా ఎందుకొచ్చింది?

మేస్త్రీ దారం కట్టకుండా గోడ పెడుతున్నాడనుకోండి. ఒక్కో ఇటుకను పక్క ఇటుకతో పోలిస్తే వంకర పెద్దగా కనపడదు. పది వరసలు లేచేసరికి ఎక్కడో ఇటుక అందదు, సందు మిగిలిపోతుంది. అమార్ఫస్ సిలికాన్‌లో జరిగేది దాదాపు ఇదే. దగ్గరి నుంచి చూస్తే ప్రతి పరమాణువు చుట్టూ నాలుగు పరమాణువులు దాదాపు సరైన దూరంలోనే ఉంటాయి. కోణం మాత్రం ఒక్కోచోట పది డిగ్రీల దాకా అటూ ఇటూ అవుతుంది. ఆ తప్పు పోగై కొన్ని పరమాణువులకు నాలుగో బంధం దొరకదు. అలా తెగి వేలాడే బంధం పక్క నుంచి ఎలక్ట్రాన్ పోతే అక్కడే చిక్కుకుపోతుంది, తీగ దాకా రాదు. శుద్ధ అమార్ఫస్ సిలికాన్‌లో ఇలాంటి చోట్లు వేల పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటాయి. దాంతో సోలార్ సెల్ చేయడం అసాధ్యం.

దీనికి మందు హైడ్రోజన్. సిలికాన్, హైడ్రోజన్ కలిసిన సిలేన్ వాయువును ప్లాస్మాగా మార్చి, సుమారు 200 డిగ్రీల వేడిలో అద్దం మీద పొరగా దింపితే, ఆ వాయువులో ఉన్న హైడ్రోజన్ కొంత పొరలోనే మిగిలి తెగిన బంధాలను మూసేస్తుంది. పొరలో సుమారు పదో వంతు పరమాణువులు హైడ్రోజన్‌వే ఉంటాయి. తెగిన బంధాలు కోటి పరమాణువులకు ఒకటి స్థాయికి పడిపోతాయి. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ స్పియర్, పీటర్ లికోంబర్ ఇలాంటి పొరలోకి భాస్వరం, బోరాన్ కలిపి దాన్ని పనికొచ్చే సెమీకండక్టర్‌గా మార్చవచ్చని 1975లో చూపించారు. మరుసటి ఏడాదే అమెరికాలో ఆర్‌సీఏ ప్రయోగశాలలో డేవిడ్ కార్ల్‌సన్, క్రిస్టఫర్ రాన్‌స్కీ 2.4 శాతం సామర్థ్యంతో మొదటి అమార్ఫస్ సిలికాన్ సోలార్ సెల్ చేశారు. స్ఫటిక సిలికాన్ సెల్ అప్పటికే ఇరవై ఏళ్ల పాతది. బెల్ ల్యాబ్స్‌లో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ 1954లో చేసిన సెల్ 6 శాతం ఇచ్చింది.

అమరిక తప్పడం వల్ల ఒక మేలు కూడా ఉంది. స్ఫటికంలో క్రమం ఉంది కాబట్టి ఎలక్ట్రాన్‌కు కట్టుబాట్లు ఎక్కువ. వెలుగు తగిలినా, పరమాణువుల కదలిక తోడైతే తప్ప సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ సులువుగా పైకి ఎగరలేదు. అందుకే వెలుగు చాలా లోతు పోతే గానీ పూర్తిగా ఇంకదు. వేఫర్ (స్ఫటికం నుంచి కోసిన పలచటి బిళ్ల) మందం 150 మైక్రాన్ల చుట్టూ ఉండేది అందుకే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అమార్ఫస్‌లో ఆ కట్టుబాటు సడలిపోయింది. అర మైక్రాన్ మందం పొర చాలు, తనకు పట్టే వెలుగులో చాలా భాగాన్ని పట్టేస్తుంది. సిలికాన్ ఖర్చు మూడు వందల వంతులో ఒక వంతుకు తగ్గిపోతుందంటే శాస్త్రవేత్తలు ఎందుకంత ఆశ పెట్టుకున్నారో అర్థమవుతుంది.

"తనకు పట్టే వెలుగు" అన్నాను కదా, చిక్కు అక్కడే ఉంది. ఎలక్ట్రాన్‌ను లేపడానికి స్ఫటిక సిలికాన్‌కు 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. అమార్ఫస్‌కు సుమారు 1.7 కావాలి. తరంగదైర్ఘ్యం 730 నానోమీటర్లు దాటిన ఎరుపు, పరారుణ వెలుగు దాని లోపలి నుంచి అలాగే వెళ్లిపోతుంది. స్ఫటికం 1100 నానోమీటర్ల దాకా పట్టుకుంటుంది. ఎండలో ఆ మధ్య భాగం చిన్నదేమీ కాదు. దానికి తోడు ఎలక్ట్రాన్ నడక. స్ఫటికంలో అది ఎంత చురుగ్గా కదులుతుందో అమార్ఫస్‌లో దానికి సుమారు వెయ్యో వంతు కూడా కదలదు. కాబట్టి పొర మందం పెంచి ఎక్కువ వెలుగు పడదామన్నా కుదరదు, పుట్టిన ఎలక్ట్రాన్ దారిలోనే పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, 1977లో బయటపడ్డ సంగతి ఒక ఎత్తు. డేవిడ్ స్టేబ్లర్, రాన్‌స్కీ ఈ పొర మీద వెలుగు పడేస్తూ గమనిస్తే దాని గుణం దిగజారుతూ పోయింది. వెలుగే కొత్తగా బంధాలను తెంచుతోంది. సోలార్ సెల్ బతకాల్సింది ఎండలో. ఆ ఎండే దాన్ని చెడగొడుతుంది. మొదటి కొన్ని నెలల్లో పొర మందాన్ని బట్టి 10 నుంచి 30 శాతం దాకా శక్తి తగ్గి, తర్వాత నిలకడ పడుతుంది. 150 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే తెగిన బంధాలు మళ్లీ అతుక్కుంటాయి. మిద్దె మీద అంత వేడి రాదు గానీ, వేసవిలో కొంత కోలుకుని చలికాలంలో మళ్లీ కొంత తగ్గడం ఈ ప్యానెళ్లలో కనిపిస్తుంది. సీమ ఎండ వీటికి ఆ మేరకు మేలే చేస్తుంది. కానీ కోలుకున్నా అది నిలకడ పడ్డ 7 శాతం చుట్టే తిరుగుతుంది.

ధర ఎటు తిరిగింది

ఇన్ని లోపాలున్నా ఒకప్పుడు అమార్ఫస్ వైపు పెట్టుబడులు పరుగెత్తాయి. కారణం స్ఫటిక సిలికాన్ తయారీలో ఉన్న శ్రమ. క్వార్ట్జ్ రాయిని ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించి సిలికాన్ తీయాలి, దాన్ని వాయువుగా మార్చి శుద్ధి చేసి మళ్లీ ఘనంగా దించాలి, 1414 డిగ్రీల దగ్గర కరిగించి మెల్లగా స్ఫటిక కడ్డీ లాగాలి, ఆ కడ్డీని వజ్రపు పొడి అంటించిన సన్నని తీగతో పలచగా కోయాలి. కోతలో కొంత సిలికాన్ పొడై పోతుంది. 2008లో శుద్ధ సిలికాన్ కొరత వచ్చి బహిరంగ మార్కెట్‌లో కిలో 400 డాలర్లు దాటింది. సిలికాన్ అక్కర్లేనంత పలచటి సెల్ ఉందంటే ఎవరు వదులుకుంటారు?

కొత్త ఫ్యాక్టరీలు వచ్చేసరికి ధర కూలింది. 2012 చివరికి కిలో 20 డాలర్ల చుట్టుపక్కలకు పడిపోయింది. వేఫర్లు పలచబడ్డాయి, కోత నష్టం తగ్గింది. సిలికాన్ ఆదా చేయడమే అమార్ఫస్ ప్రధాన బలం. సిలికాన్ చవకయ్యాక ఆ బలం పోయింది, సామర్థ్యం తక్కువన్న బలహీనత మాత్రం మిగిలింది. పెద్ద ప్యానెళ్ల మార్కెట్‌లో దాని కథ దాదాపు అక్కడితో ముగిసింది.

క్యాలిక్యులేటర్లలో మాత్రం ఇప్పటికీ దానిదే పైచేయి. బట్టల షాపు గల్లా దగ్గరుండే క్యాలిక్యులేటర్ పైభాగంలో ముదురు గోధుమ రంగు పట్టీని దగ్గరగా పెట్టి చూడండి. దాన్ని నిలువుగా విడదీసే సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక్కో సెల్, అన్నీ వరసగా కలిపి ఉంటాయి. ఎల్‌ఈడీ, ట్యూబ్‌లైట్ వెలుగులో పరారుణం దాదాపు ఉండదు, అంతా కంటికి కనపడే వెలుగే. 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల పదార్థానికి అది చక్కగా సరిపోతుంది. మసక వెలుగులోనూ వోల్టేజీ నిలబడుతుంది. గదిలో పనిచేసే చిన్న పరికరానికి ఇంతకన్నా తగినది చౌకగా దొరకడం కష్టం.

ఓడినది లోపలికి చేరింది

నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇప్పుడు చెప్పబోయేది. స్ఫటికంలో లోపల క్రమం ఎంత బాగున్నా, వేఫర్ ఉపరితలం దగ్గర స్ఫటికం అయిపోతుంది. అక్కడి పరమాణువులకు పొరుగు లేదు, బంధాలు తెగి ఉంటాయి. ఎలక్ట్రాన్లు అక్కడ చిక్కుకుని వోల్టేజీ తగ్గుతుంది. జపాన్‌కు చెందిన సాన్యో ఇంజనీర్లు దీనికి అమార్ఫస్ సిలికాన్‌నే మందుగా వాడారు. వేఫర్‌కు రెండు వైపులా అయిదు నుంచి పది నానోమీటర్ల మందంలో హైడ్రోజన్ నిండిన అమార్ఫస్ పొర దించితే, ఆ హైడ్రోజన్ ఉపరితలంలోని తెగిన బంధాలను మూసేస్తుంది. వెలుగు పట్టే పని స్ఫటికానిది, ఎలక్ట్రాన్లను కాపాడే పని అమార్ఫస్‌ది. దీన్నే హెటిరోజంక్షన్ సెల్ అంటారు, మార్కెట్‌లో హెచ్‌జేటీ. చైనా కంపెనీ లాంగీ 2022లో ఈ తరహా సెల్‌తో 26.8 శాతం చేరి రికార్డు పెట్టింది. ఒక్క సిలికాన్ సెల్‌కు సిద్ధాంతం ప్రకారం ఉన్న హద్దు 29.4 శాతమని గుర్తుపెట్టుకుంటే అది ఎంత దగ్గరో తెలుస్తుంది.

మన ఎండ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఉపరితలం బాగుపడడంతో హెచ్‌జేటీ సెల్ వోల్టేజీ 0.74 దాకా పోతుంది. మొదట చెప్పినట్టే, వోల్టేజీ ఎక్కువైతే వేడి నష్టం శాతం తగ్గుతుంది. డిగ్రీకి 0.25 శాతం దగ్గరికి వస్తుంది. 65 డిగ్రీల మిద్దె మీద 10 శాతం నష్టం. అమార్ఫస్ ప్యానెల్ 8 శాతం నష్టపోయేది. అంటే వేడిని తట్టుకునే గుణంలో దాదాపు అంతా ఇక్కడే దొరికింది, సామర్థ్యం మాత్రం మూడు రెట్లు. లోపమల్లా ధర. వేడి 200 డిగ్రీలకు బాగా మించితే అమార్ఫస్ పొరలోని హైడ్రోజన్ పోతుంది కాబట్టి తక్కువ వేడిలో గట్టిపడే ప్రత్యేకమైన వెండి పేస్టు వాడాలి, వెండి ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా కనిపిస్తున్న టాప్‌కాన్ ప్యానెళ్లది మధ్య దారి. ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్, దాని మీద సన్నని సిలికాన్ పొర. చాలాచోట్ల ఆ సిలికాన్‌ను మొదట అమార్ఫస్‌గా దించి, తర్వాత కాల్చి సన్నటి స్ఫటికాలుగా మారుస్తారు. వీటి వేడి నష్టం డిగ్రీకి 0.3 శాతం దగ్గర ఉంటుంది, పెర్క్ అనే ముందు తరం మోనోలో 0.35 దగ్గర.

కొనేటప్పుడు

షాపులో ప్యానెల్ చూసి ఏ రకమో కొంత పోల్చుకోవచ్చు. నీలంగా, పెంకులు అతికించినట్టు మెరిస్తే పాలీ. నల్లగా, సెల్ మూలలు కొద్దిగా కోసినట్టుంటే మోనో. సెల్ గళ్లే లేకుండా మొత్తం గోధుమ రంగులో సన్నని గీతలతో ఉంటే థిన్ ఫిల్మ్ అయి ఉండొచ్చు. కానీ పెర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ తేడా కంటికి తెలియదు. దానికి డేటాషీట్ అడగాలి. అందులో డిగ్రీకి ఎంత శాతం శక్తి పోతుందో చెప్పే పీమ్యాక్స్ టెంపరేచర్ కోఎఫిషియెంట్ అని ఒక వరస ఉంటుంది, మైనస్ గుర్తుతో. మైనస్ 0.35 ఉన్నదానికన్నా మైనస్ 0.29 ఉన్నది మనకు మేలు. 40 డిగ్రీల వేడికి ఆ తేడా రెండు శాతానికి పైనే, 3 కిలోవాట్ల సిస్టమ్‌లో మధ్యాహ్నం పూట 70 వాట్లు. అదే కాగితంలో మొదటి ఏడాది ఎంత తగ్గుతుందో, తర్వాత ఏటా ఎంత తగ్గుతుందో కూడా రాసి ఉంటుంది. టాప్‌కాన్‌లో మామూలుగా మొదటి ఏడాది 1 శాతం, ఆ తర్వాత 0.4 చొప్పున రాస్తారు.

ప్యానెల్ ఎంత మంచిదైనా మిద్దెకు అతుక్కున్నట్టు బిగిస్తే కింద గాలి ఆడక సెల్ వేడి 70 డిగ్రీలు దాటిపోతుంది, కాగితం మీద సంపాదించిన రెండు శాతం అక్కడే పోతుంది. స్టాండు ఎత్తు పెంచితే ఖర్చు ఎక్కువవుతుందని చాలామంది దానికే కోత పెడుతున్నారు. అడ్వాన్సు ఇచ్చే ముందు మోడల్ నంబరు, డేటాషీట్, స్టాండు ఎత్తు, ఈ మూడూ కొటేషన్‌లో రాయించుకోండి.